నాలుగో చరణం అందుకున్న గొంతు

పాట మూడో చరణం మధ్యలో తెగిపోయింది. పోయినవారం మనం ఆగింది సరిగ్గా అక్కడే.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఊరికంతటికీ నీళ్ళు తోడే పంపుహౌసు ఒకటుంది. అందులో నాలుగు పెద్ద పంపులు, వాటి నడుమ నేలలో ఇనప జాలీ కప్పిన పాత బావి. రాజుల కాలంలో ఆ బావిలోంచి ఒక మహాసర్పం లేచి వచ్చి మందల్ని, మనుషుల్ని మింగేదట. బల్లేలతో దిగిన సైనికులు ఒక్కరూ తిరిగి రాలేదట. చివరికి ఒక ఆడమనిషి జోల పాడి దాన్ని నిద్రపుచ్చిందట. అప్పట్నించీ ఆమె వంశంలో ఒక ఆడపిల్ల రోజూ మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి బావి మీదికి వంగి ఆ జోల పాడాలి. ఒక్కరోజు తప్పితే పాము లేస్తుంది. ఇప్పుడు ఆ పని పంపు ఆపరేటరుది. ఆమెను అందరూ పంపులమ్మ అంటారు. యాభై మూడేళ్ళ మనిషి, ముప్పై ఒక్కేళ్ళుగా ఒక్క పూట మానకుండా పాడింది. పాడి పాడి గొంతులో కాయలు కాశాయి. మూడు నెలలు నోరు మెదపొద్దని డాక్టరు చెప్పాడు. ఆమె మెదిపింది. ఇవాళ ఆ గొంతు నానిన గుడ్డ చిరిగినట్టు చిరిగి ఆగిపోయింది.

ఆ తర్వాత బావి అడుగునించి ఎవరో నాలుగో చరణం అందుకున్నారు.

పంపులమ్మ భయపడలేదు. భయపడటానికి కూడా కాస్త ఓపిక కావాలి. ఆమెలో అది ఎప్పుడో అయిపోయింది. ప్యానెల్ బోర్డు పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి చరణం మొత్తం విన్నది.

*నీరు నిద్దరపోయె, నాచు నిద్దరపోయె,*
*చేతిలో ఉన్నోడా, నీకేమి మెలకువ...*

ఆ గొంతు మగదీ కాదు, ఆడదీ కాదు. ఖాళీ పైపులో గాలి పోతుంటే వచ్చే ఊళలాగుంది. పాట మాత్రం పొల్లు పోలేదు. 'మెలకువ' అన్నచోట పంపులమ్మకి ఎప్పుడూ ఊపిరి చాలదు, కురచగా దించేస్తుంది. ఆ గొంతు అక్కడ తీరిగ్గా సాగదీసి, చివర చిన్నగా విరిచి వదిలింది.

"మా అమ్మ ఇలాగే విరిచేది," అంది పంపులమ్మ. గొంతు లేదు, ఉత్త గాలే వచ్చింది.

"మాట్లాడకమ్మా," అంది పిట్ట.

పిట్ట ఆమె కూతురు. చిన్నప్పుడు సన్నగా ఉండేదని ఆ పేరు పడింది. ఇరవై ఆరేళ్ళు వచ్చినా పేరూ పోలేదు, సన్నదనమూ పోలేదు. నీళ్ళ ఆఫీసు ఫిర్యాదుల విభాగంలో పని. తల్లి నీళ్ళు తోడుతుంది, కూతురు తిట్లు తోడుతుంది అని స్టాఫులో ఒక జోకు. తల్లిని మళ్ళీ డాక్టరు దగ్గరికి లాక్కుపోదామని ఇవాళ సగం రోజు సెలవు పెట్టి వచ్చింది.

"పద, పోదాం. ఎవరో ఒకర్ని పిలుద్దాం," అంది.

"ఎవర్ని పిలుస్తావు? ఇంజనీరునా? ఏమని చెబుతావు?"

పంపులమ్మ లేచి, ప్యానెల్ మీద మీటర్ల ముళ్ళన్నీ ఒకసారి చూసింది. మూడు పంపులు తిరుగుతున్నాయి, నాలుగోది విశ్రాంతిలో ఉంది. అరగంట వదిలేసినా పరవాలేదు. లాగ్ బుక్ తెరిచి, పన్నెండు పదకొండుకి బావి తనిఖీ అని రాసి సంతకం పెట్టింది. యముడొచ్చి పిలిచినా టైము రాయకుండా కదిలే మనిషి కాదు.

"నువ్వు ఇక్కడే ఉండి ముళ్ళు చూడు. నేను దిగొస్తా."

"నాకు ముళ్ళు చూడటం రాదు. నీ వెనక దిగడం వచ్చు," అంది పిట్ట. "కొండనాలుకకి మందు వేయించుకోమంటే ఉన్న నాలుక ఊడగొట్టుకునే రకానివి నువ్వు. నిన్ను ఒక్కదాన్ని వదల్ను."

జాలీ ఎత్తడానికి ఇద్దరి బలమూ సరిపోయింది.

వాల్వులు చూసుకోవడానికి నీళ్ళ ఆఫీసువాళ్ళు వేసిన ఇనప నిచ్చెన ముప్పై అడుగుల దాకా ఉంది. అక్కడో అరుగు. పంపులమ్మ ఉద్యోగంలో చేరాక ఆ అరుగు దాకా నాలుగైదుసార్లు దిగింది. అంతకన్నా కిందికి పోవద్దని తల్లి ఒట్టు వేయించుకుంది. అరుగు దాటాక రాతిమెట్లు మొదలయ్యాయి. ఒక్కో మెట్టూ నడిమికి అరిగిపోయి గరిటెలా ఉంది. ఎన్ని కాళ్ళు తొక్కితే రాయి అలా అరుగుతుందో పంపులమ్మకి తెలుసు. ఈ మెట్లు ఎవరూ తొక్కరని కదా ఇంట్లో చెప్పింది, మరి ఇవెందుకు అరిగాయి అనుకుంది. అనుకుని, మోకాలు కలుక్కుమనడంతో ఆ ఆలోచన వదిలేసి గోడ పట్టుకుంది.

అడుగున సన్నటి రాతిగట్టు, దాని అంచుదాకా నీళ్ళు ఉన్నాయి. పిట్ట టార్చి వేసి చుట్టూ తిప్పింది.

"ఇంత లావు పైపులు ఇక్కడెందుకమ్మా?"

మనిషి నడుమెత్తున, ఒకదాని మీద ఒకటి, గోడ వెంబడి చుట్టలు చుట్టలుగా ఉన్నాయి. పాత పైపులకు పట్టినట్టే పైన తెల్లగా సున్నం పేరుకుని ఉంది. పంపులమ్మ అరచేయి ఆనించింది. పైపయితే పంపుల అదురు తెలుస్తుంది. ఇక్కడ అదురు లేదు. చాలా నెమ్మదిగా, లోపలికీ బయటికీ, ఊపిరి ఆడుతోంది.

"పైపు కాదు," అంది.

టార్చి వెలుగు ఆ చుట్టల వెంట పోయి పోయి ఒక చోట ఆగింది. అక్కడ తల ఉంది. రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉన్నాయి. దొంగనిద్ర పోయే పిల్లలు మూసుకున్నట్టు, రెప్పల చుట్టూ ముడతలు పడేంత గట్టిగా.

పంపులమ్మకి ఆ ముడతలు చూడగానే అర్థమైపోయింది.

"కళ్ళు తెరువు. నువ్వు నిద్రపోవట్లేదు," అంది గుసగుసగా.

పాము చాలాసేపు కదల్లేదు. ఆ తర్వాత ఒక కన్ను తెరిచింది, దాని వెనక రెండోది. పసుప్పచ్చగా, మసకగా, తుడవని మీటరు అద్దాల్లా ఉన్నాయి.

"తెరవమన్నవాళ్ళలో నువ్వే మొదటిదానివి," అంది. నోరు కదల్లేదు. మాట మాత్రం నీళ్ళలోంచి, రాళ్ళలోంచి వస్తున్నట్టు వచ్చింది.

పిట్ట తల్లి చేయి పట్టుకుంది. తల్లి విడిపించుకోలేదు గానీ వెనక్కీ జరగలేదు.

"ఎన్నాళ్ళయింది నువ్వు మేలుకుని?"

"నేను అసలు నిద్రపోలేదు, తల్లీ."

పంపులమ్మ వంగి మోకాలు నిమురుకుంది. కూర్చోవాలి. చుట్టూ చూస్తే గట్టంతా తడి. ఎదురుగా ఉన్న పాము చుట్ట ఒక్కటే సరైన ఎత్తులో ఉంది. ఆమె వెనక్కి తిరిగి దాని మీదే కూర్చుంది.

"ఎనిమిదొందల ఏళ్ళలో నా మీద ఎవరూ కూర్చోలేదు," అంది పాము.

"మోకాళ్ళ నొప్పి," అంది పంపులమ్మ.

పైన మూడు పంపులూ ఒకే శ్రుతిలో హోరెత్తుతున్నాయి. ఆ హోరులోనే ఆమె ముప్పై ఒక్కేళ్ళు గడిచిపోయాయి. చెల్లెలి పెళ్ళి ముహూర్తం పన్నెండుకి పెడితే పోలేదు. కాన్పయిన ఐదో రోజు పసిగుడ్డుని ఒళ్ళో పెట్టుకుని వచ్చి పాడింది. ప్రమోషన్ ఇచ్చి వేరే ఊరు పంపుతామంటే వద్దని, పిచ్చిదనిపించుకుంది. ఇవన్నీ ఒక ఎత్తు. ఆరేళ్ళ కిందటిది ఒక ఎత్తు.

"మా ఆయన పోయింది మధ్యాహ్నం పన్నెండూ పదికి," అంది. ఒక్కో మాటా గొంతులోంచి గీరుకుంటూ వస్తోంది. "ఆస్పత్రి ఇక్కడికి రెండు వీధులు. పన్నెండుకి పది నిమిషాలు తక్కువున్నప్పుడు లేచి వచ్చేశాను. పాట పాడి మళ్ళీ పరిగెత్తాను. అప్పటికే దుప్పటి కప్పేశారు."

"తెలుసు. ఆ రోజు రెండో చరణం రెండుసార్లు పాడావు. ఆ తర్వాతి రోజు పాట కాగానే జాలీ మీద తల పెట్టుకుని ఏడ్చావు."

"విన్నావా?"

"విన్నాను."

"విని పడుకున్నావా?"

"కళ్ళు మూసుకున్నాను," అంది పాము. "కళ్ళు మూసుకోమన్నారు."

పంపులమ్మకి అరవాలనిపించింది. అరవడానికి గొంతు లేదు. ఆ కోపం ఎటు పోవాలో తెలీక చేతుల్లోకి వచ్చింది. పక్కనున్న సున్నం పెచ్చు ఒకటి గోటితో పీకి నీళ్ళలోకి విసిరింది, ఇంకోటి పీకింది. పాము ఊరుకుంది. నాలుగో పెచ్చు దగ్గర ఆమెకే విసుగొచ్చి ఆగిపోయింది.

"అమ్మా," అంది పిట్ట. పాము కళ్ళు తెరిచినప్పట్నించీ నోరు విప్పని పిల్ల. "నీకో సంగతి చెప్పలేదు నేను. ఆ రోజు నాన్న నీ కోసం అడిగాడని అనుకుంటున్నావు కదా ఇన్నేళ్ళూ."

"అడగలేదా?"

"అత్త అడిగింది. ఈవిడ ఎక్కడికి పోయింది ఇలాంటప్పుడు అని కేకలేసింది. నాన్న గోడ గడియారం చూశాడు. పన్నెండయింది కదా, అది పాటలో ఉంటుంది, వదినా మరదళ్ళు మీరు మళ్ళీ మొదలెట్టకండి అన్నాడు. అంతే. ఆ తర్వాత మాట్లాడలేదు."

పంపులమ్మ కూతురి వంక చూసింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"కోపం," అంది పిట్ట. "నాన్నకి లేదు. నాకుంది. చెబితే నీ మనసు తేలికపడుతుందని తెలుసు. అందుకే చెప్పలేదు."

అబద్ధమాడకుండా తన తప్పు చెప్పుకున్న పిల్లని ఏమనాలి? పంపులమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, పక్కన చోటు చూపించింది. పిట్ట వచ్చి పాము మీదే, తల్లి భుజానికి ఆనుకుని కూర్చుంది. ఇద్దరి బరువుకీ పాము ఒకసారి ఊపిరి సర్దుకుంది.

"కళ్ళు మూసుకోమన్నది ఎవరు?" అంది పంపులమ్మ. ఈసారి మాటలో పదును లేదు. పని చేసి చేసి అలిసిన మనిషి ఇంకో పనిచేసే మనిషిని అడిగినట్టు అడిగింది.

పాము చెప్పింది. దానికి మాటలు అలవాటు లేవు, ఒక్కో మాటా తడుముకుంటూ చెప్పింది.

"నేను మనుషుల్ని తిన్నాను. లేదనను. ఆకలి, పైగా బల్లేలు పట్టుకుని వాళ్ళే దిగేవారు. ఒక మధ్యాహ్నం ఒక ఆడమనిషి బల్లెం లేకుండా దిగింది. చేతిలో పసిపిల్లాడు. వాడు అప్పటికే పోయాడు. వాడితో పాటు మునిగిపోదామని వచ్చింది. మునిగేముందు చివరిసారి జోల పాడింది."

"చేతిలో ఉన్నోడా," అంది పంపులమ్మ.

ఆ మాట ఆమెకి ఎప్పుడూ వింతే. ఇంత పెద్ద పాముని చేతిలో ఉన్నోడా అనడమేమిటని చిన్నప్పుడు తల్లిని అడిగితే, పెద్దల మాటకి అర్థాలు అడగకూడదని నెత్తిన మొట్టింది.

"ఆ పాట నాకు కాదు," అంది పాము. "నేను ఊరికే విన్నాను. అయిపోయాక తినబుద్ధి కాలేదు. ఇంకోసారి పాడమన్నాను. పాడింది. మర్నాడు కూడా వస్తావా అన్నాను. నేను రోజూ వస్తే నువ్వు పైకి రాకుండా ఉంటావా అంది. సరే అన్నాను. అంతే మా మధ్య జరిగింది. దానికి పాడుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. నాకు ఎవరూ పాడలేదు. ఇద్దరికీ సరిపోయింది."

"మరి నిద్ర?"

"తర్వాత దానికి ఆడపిల్ల పుట్టింది. ముసలిదయ్యాక, మెట్లు దిగలేక, ఆ పిల్లని పంపింది. పిల్ల నన్ను చూసి కెవ్వుమంది. అప్పుడు తల్లి పైనించి, భయపడకే, అది నిద్రపోతోంది, నువ్వు పాడితే లేవదు అని చెప్పింది. పిల్ల ఇంటికి పోయాక పైనించే నాతో రహస్యంగా, కాస్త కళ్ళు మూసుకో, పిల్ల అలవాటు పడేదాకా అంది. మూసుకున్నాను. పిల్ల అలవాటు పడేలోపు తల్లి పోయింది. తెరవమని చెప్పేవాళ్ళు లేకపోయారు."

పిట్టకి నవ్వు రాబోయి ఆగింది. ఒక తల్లి పిల్ల భయం పోగొట్టడానికి ఆడిన చిన్న అబద్ధం. దాని మీద ఇరవై ఏడు తరాల ఆడవాళ్ళు బతుకులు కట్టుకున్నారు. ఇంటింటా ఇలాంటివి ఉంటాయేమో, అడిగినవాళ్ళు లేక అలా సాగిపోతుంటాయేమో అనుకుంది.

"నువ్వే చెప్పొచ్చు కదా," అంది పంపులమ్మ. "మేలుకునే ఉన్నాను, రోజూ రానక్కర్లేదు, వారానికోసారి వచ్చినా చాలని."

"చెబితే మానేస్తారనుకున్నాను," అంది పాము.

ఆ జవాబుకి పంపులమ్మ కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. ఈ కారణంతోనే తను కూడా పిట్టకి చాలా సంగతులు చెప్పకుండా దాచింది. చెబితే వదిలేసి పోతుందని.

"నీకు నొప్పులు లేవా, ఇన్నేళ్ళు ఒకే భంగిమలో?" అని అడిగింది.

"ఎడం వైపు మొత్తం స్పర్శ పోయింది. వీపు మీద గోడ కూర్చున్నట్టు ఉంటుంది. పన్నెండింటికి నీ పాట వస్తుందని మిగతా పూటంతా ఓర్చుకుంటాను. ఇవాళ నీ గొంతు పోయింది, నువ్వు ఆగిపోయావు. నిశ్శబ్దం భరించలేక నేను పాడాను. పాడాక తెలిసింది." పాము ఆగింది. "పాట తెగింది. తెగితే నా మాట కూడా తీరిపోయినట్టే. ఇక నేను కదలొచ్చు. ఈ నీళ్ళ వెంట కిందికి పోతే సముద్రం ఉందని చిన్నప్పుడు మా వాళ్ళు అనేవారు. పోవచ్చు. కానీ నిన్ను అడక్కుండా పోను. ఇన్నేళ్ళు మీ ఇంటివాళ్ళ మాట మీద ఉన్నాను. నువ్వు ఉండమంటే ఉంటాను. పొమ్మంటే పోతాను. చెప్పు తల్లీ."

పంపులమ్మని ఆమె జీవితంలో ఎవరూ దేనికీ ఇలా అడగలేదు. పదకొండో ఏట పాట నేర్పారు, ఇరవై రెండో ఏట బావి అప్పజెప్పారు. నీకు ఇష్టమేనా అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నది పాము.

పొమ్మంటే రేపు పన్నెండింటికి పని ఉండదు. మధ్యాహ్నం పూట ఊరు ఎలా ఉంటుందో చూడొచ్చు. పిట్టతో కలిసి తీరిగ్గా భోజనం చేయొచ్చు, గొంతు బాగుచేయించుకోవచ్చు. అది ఒక వైపు. ఇంకో వైపు నలభై వేల ఇళ్ళ కుళాయిలు. ఈ చుట్టలు గోడని ఎంత మోస్తున్నాయో, ఇవి జరిగితే బావి నిలుస్తుందో కూలుతుందో ఏ ఇంజనీరుకీ తెలీదు. మనుషుల్ని తిన్న ప్రాణి మళ్ళీ ఆకలేస్తే ఏం చేస్తుందో పాముకే తెలీదు. పైగా, నోరు విప్పి చెప్పలేదు గానీ, రేపట్నించీ పన్నెండింటికి తను ఏం చేయాలో కూడా ఆమెకి తెలీదు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నూతిలోనే కూర్చున్నవాళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు.

నోరు తెరిచింది. ఉండు అనబోయిందో, పో అనబోయిందో ఆమెకే తెలీదు. గాలి కూడా రాలేదు. గుసగుసకి మిగిలిన ఆ కాస్త గొంతూ అడుగంటిపోయింది.

పిట్ట తల్లి మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏమి చదువుకుందో ఏమో, లేచి నిలబడి పాము వైపు తిరిగింది.

"వెళ్ళిపో," అంది. రోజూ వందమందికి జవాబులు చెప్పే గొంతు, తొణక్కుండా చెప్పింది. "మా అమ్మ చెప్పలేదు. నేను చెబుతున్నా. తర్వాతి వంతు నాది కదా. నేను పాడను. నువ్వు వెళ్ళిపో."

పంపులమ్మ కూతురి చేయి పట్టుకుని వెనక్కి లాగింది, కాదని తల ఊపింది. అప్పటికే ఆలస్యమైంది.

కాళ్ళకింద రాయి అదిరింది. గోడల్లోంచి మట్టి జలజలా రాలింది. పైన మూడో పంపు శ్రుతి మారింది. హోరు పోయి కీచుమని ఈల వేస్తోంది. నీళ్ళు అందక గాలి పీలుస్తున్న పంపు అరుపది, నిద్రలో విన్నా ఆమె గుర్తుపడుతుంది. పిట్ట టార్చి కిందికి తిప్పింది. గట్టు అంచు దాకా ఉన్న నీళ్ళు జానెడు దిగాయి. చూస్తుండగానే ఇంకో జానెడు దిగాయి. ఎవరో అడుగునించి గడగడా తాగేస్తున్నట్టు పోతున్నాయి.

పంపులమ్మ రెండు అరచేతులూ పాము మెడ మీద పెట్టి, ఉన్న బలమంతా వేసి నొక్కింది. ఆగు. ఒక్క నిమిషం ఆగు. పంపులు ఆపుకుని వస్తాను, అప్పటిదాకా కదలకు. మాట రాకపోయినా పెదాలు ఆ మాటలన్నీ పలికాయి.

పాము తల వెనక్కి లాక్కుంది. చుట్టల మధ్యకి, లోపలికి, దూరగలిగినంత లోపలికి దూర్చుకుంది. ఆ పసుపు కళ్ళు ఆమెని చూడటం లేదు. నీళ్ళు దిగిపోతున్న చీకటిలోకి చూస్తున్నాయి. ఇందాకటి అలసట వాటిలో లేదు. రాజు సైనికులు బల్లేలతో దిగినప్పుడు కూడా ఆ కళ్ళలోకి రాని భయం ఇప్పుడు వచ్చింది.

"తల్లీ," అంది పాము, "నేనింకా కదల్లేదు."